మరుగు నీటికి పెద్దమంట ఎందుకు?

ఉదయము ఎనిమిది గంటలు కావచ్చినది. పొయ్యిమీద అన్నపు గిన్నె కుతకుత ఉడుకుచున్నది. మూత ఎగిరెగిరి పడుచున్నది. అంచుల నుండి ఆవిరి చిమ్ముచున్నది. పిల్లలకు బడివేళ అగుచున్నది. "మంట పెంచవే, తొందరగా ఉడుకుతుంది" అని తల్లి కూతురితో అనును. కూతురు మంట పెంచును. గిన్నెలో పొంగు హెచ్చును, ఆవిరి రెట్టింపగును. చూచువారికి వంట మరింత చురుకుగా సాగుచున్నట్లే తోచును. కాని అన్నము మాత్రము అంతకంటె త్వరగా ఉడుకదు. హెచ్చించిన మంట అంతయు ఆవిరితోపాటు కిటికీలో నుండి బయటకు పోవుచున్నది.

ఈ మాట చాలమందికి నమ్మశక్యముగా తోచదు. "మంట ఎక్కువైతే వేడి ఎక్కువ కాదా?" అని అడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధానము ఉన్నత పాఠశాలలో చదువు ఉష్ణశాస్త్రములోనే ఉన్నది. పరీక్ష కొరకు నేర్చిన ఆ పాఠము వంటింటికి ఎంతగా ఉపకరించునో ఈ వ్యాసములో చూతము.

థర్మామీటరు చెప్పు సాక్ష్యము

ఒక గిన్నెలో నీరు పోసి, థర్మామీటరును అడుగునకు తగులకుండ వ్రేలాడదీసి, పొయ్యి వెలిగించుడు. నీరు మొదట 30 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఉన్నదనుకొందము. ఉష్ణోగ్రత 40, 50, 60 డిగ్రీలుగా క్రమముగా పెరుగును. 100 డిగ్రీలకు చేరగానే నీరు తెర్లుట మొదలిడును. అంతటితో థర్మామీటరులోని గీత నిలిచిపోవును. ఇప్పుడు మంట రెండింతలు చేయుడు. పొంగు హెచ్చును గాని గీత కదలదు. మంట బాగుగా తగ్గించి, నీరు సన్నగా మరుగునట్లు ఉంచుడు. అప్పుడును గీత అక్కడనే ఉండును.

ఈ మరుగు స్థానము ఊరి ఎత్తును బట్టి కొంచెము మారును. సముద్రపు ఒడ్డున ఉన్న విశాఖపట్టణములో నీరు సుమారు 100 డిగ్రీల వద్ద మరుగును. సముద్ర మట్టమునకు 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న హైదరాబాదులో గాలి పీడనము కొంత తక్కువ. కావున అక్కడ నీరు సుమారు 98 డిగ్రీలకే మరుగును. రెండు నగరములలోని ఉపాధ్యాయులు తమ పాఠశాలలలో ఈ ప్రయోగము చేసి ఫలితములను పోల్చుకొన్నచో విద్యార్థులకు మంచి పాఠమగును.

బియ్యములోని పిండిపదార్థము వేడి నీటిని పీల్చి ఉబ్బి మెత్తబడుటనే మనము ఉడుకుట అందుము. ఈ మార్పునకు కావలసినవి నీరు, తగినంత ఉష్ణోగ్రత, తగినంత కాలము. మరుగు నీటి ఉష్ణోగ్రత సన్నమంటమీద ఎంతయో పెద్దమంటమీదను అంతయే. కనుక ఉడుకుటకు పట్టు కాలమును ఒక్కటే.

ఉష్ణము ఎక్కడకు పోవుచున్నది?

మంట నుండి గిన్నెకు ఉష్ణము చేరుచునే ఉన్నది; ఉష్ణోగ్రత మాత్రము పెరుగుట లేదు. ఈ చిత్రమును తొలుత చక్కగా పరిశీలించినవాడు జోసెఫ్ బ్లాక్ అను శాస్త్రజ్ఞుడు. 1760 ప్రాంతమున గ్లాస్గో విశ్వవిద్యాలయములో పనిచేయుచు ఆయన నీరు ఆవిరిగా మారుటకు చాల ఉష్ణము ఖర్చగునని, అది థర్మామీటరుకు కనబడకుండ దాగియుండునని నిరూపించెను. దీనినే గుప్తోష్ణమందురు.

లెక్క సులభమైనది. ఒక గ్రాము నీటి ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచుటకు ఒక కెలోరీ ఉష్ణము కావలెను. కావున 30 డిగ్రీల నీటిని 100 డిగ్రీలకు తెచ్చుటకు గ్రాముకు 70 కెలోరీలు చాలును. అదే గ్రాము నీరు 100 డిగ్రీల వద్ద ఆవిరిగా మారుటకు సుమారు 540 కెలోరీలు కావలెను. అనగా దాదాపు ఎనిమిది రెట్లు.

దీనిని గిన్నెకు అన్వయింపుడు. ఒక లీటరు నీటిని 30 డిగ్రీల నుండి మరుగు స్థానమునకు తెచ్చుటకు 70 కిలో కెలోరీలు పట్టును. తరువాత అందులో పావు లీటరు ఆవిరియై పోయినచో, ఆ పావు లీటరుకే 135 కిలో కెలోరీలు ఖర్చగును. మొత్తము నీటిని మరిగించిన దానికంటె, అనవసరముగా పోయిన పావు లీటరు ఆవిరికి దాదాపు రెండింతల ఖర్చు అన్నమాట.

సంవత్సరమునకు ఒక సిలిండరు

ఇక దీనిని గ్యాసు బరువులో చూతము. ఒక కిలో వంటగ్యాసు మండినచో సుమారు 11,000 కిలో కెలోరీల ఉష్ణము పుట్టును. మంచి గ్యాసు పొయ్యిమీద ఇందులో నూటికి సుమారు 65 వంతులు గిన్నెకు చేరును. మిగిలినది చుట్టుప్రక్కల గాలిని వేడిచేయును.

ఒక ఇంటిలో అన్నము, పప్పు, కూర, కాఫీ నీళ్ళు మొదలగు వాని వద్ద రోజు మొత్తముమీద అర లీటరు నీరు అనవసరముగా ఆవిరియగుచున్నదనుకొందము. దానికి గిన్నెలో ఖర్చగు ఉష్ణము 270 కిలో కెలోరీలు. పొయ్యివద్ద పోవు నష్టమును కూడ కలిపిన 415. అనగా రోజుకు సుమారు 38 గ్రాముల గ్యాసు. సంవత్సరమునకు ఇది 14 కిలోలకు చేరువగును. మన ఇండ్లకు వచ్చు సిలిండరులోని గ్యాసు 14.2 కిలోలు. మూత పెట్టుట, మంట తగ్గించుట అను రెండు చిన్న పనులను మరచినందులకు, ఇట్టి ఇల్లు సంవత్సరమునకు దాదాపు ఒక సిలిండరును కిటికీలో నుండి పారబోయుచున్నది.

నష్టము డబ్బుతో ముగియదు. ఒక కిలో వంటగ్యాసు మండినపుడు సుమారు మూడు కిలోల కార్బన్ డయాక్సైడు పుట్టును. కిలో నుండి మూడు కిలోలు ఎట్లు వచ్చినవని విద్యార్థులు అడుగవచ్చును. గ్యాసులోని కర్బనము గాలిలోని ఆమ్లజనితో కలియును. ఆ ఆమ్లజని బరువే అదనముగా చేరినది. ఆ లెక్కన ఒక్కొక్క సిలిండరు 40 కిలోలకు పైగా ఈ వాయువును గాలిలో కలుపును. భూమి వేడెక్కుటకు ముఖ్యకారణము ఈ వాయువే. పైగా మన దేశము వాడు వంటగ్యాసులో సగమునకు మించి విదేశముల నుండి దిగుమతి అగుచున్నది.

మూత చేయు మేలు

నీరు మరుగుటకు ముందే దాని పైభాగము నుండి ఆవిరి లేచుచుండును. ఆ ఆవిరి గుప్తోష్ణమును వెంట తీసికొని పోవును. మూత పెట్టినచో ఆవిరి మూత అడుగున తగిలి మరల నీటిబొట్లయి గిన్నెలో పడును. దాచిన ఉష్ణములో చాలభాగము గిన్నెలోనే నిలుచును. కనుక మూత పెట్టిన గిన్నె త్వరగా మరుగును. మరిగిన పిమ్మట సన్నమంటతోనే అట్లే నిలుచును.

దీనికి మినహాయింపులు లేకపోలేదు. పులుసు చిక్కబరచునపుడు, బెల్లపు పాకము పట్టునపుడు, పాలు కోవాగా ఇగుర్చునపుడు నీరు ఆవిరి కావలసినదే. అక్కడ మంట వృథా కాదు. నీటిని పోగొట్టవలెనా, నిలుపవలెనా అను ప్రశ్న ఒక్కటి వేసికొన్నచో ఎప్పుడు మూత తీయవలెనో తెలియును.

అన్నము వండుటలో మన పెద్దలకు రెండు పద్ధతులు ఉన్నవి. ఎక్కువ నీరు పోసి, ఉడికిన పిదప గంజి వార్చుట ఒకటి. సరిపడు నీరు మాత్రమే పోసి అత్తెసరు పెట్టుట రెండవది. వార్చిన గంజితోపాటు దానిని మరిగించిన ఉష్ణమును, నీటిలో కరగిన బి విటమినులును పోవును. వెనుకటి ఇండ్లలో ఆ గంజి ఆవుల కుడితిలోనికో, బట్టలకో పోయెడిది. అందుచేత అంతయు నష్టము కాలేదు. ఈనాడు అది తూములోనికి పోవుచున్నది. గంజికి వేరు ఉపయోగము లేని ఇంట అత్తెసరు మేలు.

పప్పు ఎందుకు ఉడుకదు?

"ఎంతసేపు ఉడికించినా పప్పు బద్దబద్దగానే ఉంది" అను మాట మన ఇండ్లలో తరచు వినబడును. దీనికి ముఖ్యముగా మూడు కారణములు.

మొదటిది, నానకపోవుట. ఎండిన గింజ లోపలకు నీరు మెల్లగా ఇంకును. ఆ పని చల్లని నీటిలో పొయ్యి వెలిగించకుండనే జరుగును. నానబెట్టని శనగలను పొయ్యిమీద పెట్టినచో, ఊరక జరుగవలసిన పనికి గ్యాసు ఖర్చుపెట్టినట్లగును. శనగలు, బొబ్బర్లు, రాజ్మా వంటివానిని రాత్రియే నానబోయవలెను. కందిపప్పునకు అర గంట చాలును.

రెండవది, నీటి కాఠిన్యము. గింజలలోని కణములను ఒకదానితో ఒకటి అంటించియుంచు పదార్థము పెక్టిను. అది కరగినప్పుడే పప్పు మెత్తబడును. బోరునీటిలో కరగియున్న కాల్షియము లవణములు పెక్టినుతో కలిసి దానిని గట్టిపరచును. "మా ఊరి ఉప్పునీళ్ళలో పప్పు ఉడకదు" అని పల్లెలలో అనుట ఇందుచేతనే. అది అక్షరాల నిజము. మంచినీటిని గాని, పట్టి ఉంచిన వాననీటిని గాని పప్పునకు వాడినచో కాలమును ఇంధనమును కలిసివచ్చును.

మూడవది, తొందరపడి చింతపండు వేయుట. పులుపులోని ఆమ్లము కూడ పెక్టిను కరగకుండ అడ్డును. పప్పు ఉడికిన తరువాతనే చింతపండు పులుసు పోయవలెనని అమ్మమ్మలు చెప్పుమాట వెనుక ఉన్న రసాయన శాస్త్రము ఇదియే. కొందరు ఉడుకుటకు వంటసోడా వేయుదురు. పప్పు త్వరగా మెత్తబడుమాట నిజమే గాని, థయమిన్ అను బి విటమిను ఆ క్షారమువలన నశించును. దానికంటె నానబోయుట మేలు.

కుక్కరు ఈల

మరుగుచున్న నీటి ఉష్ణోగ్రతను పెంచు ఉపాయము ఒకటి కలదు. నీటిపై పీడనమును పెంచినచో దాని మరుగు స్థానము పెరుగును. డెనిస్ పాపిన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1679లో గట్టిగా మూసిన పాత్రలో ఎముకలను సైతము మెత్తబరచి చూపెను. నేటి ప్రెషర్ కుక్కరుకు ఆ పాత్రయే మూలము. కుక్కరులో పీడనము బయటి గాలికంటె చదరపు సెంటిమీటరుకు సుమారు ఒక కిలో హెచ్చుగా ఉండును. అప్పుడు నీరు సుమారు 120 డిగ్రీల వద్ద మరుగును. పెక్కు రసాయనిక చర్యలలో ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు వేగము దాదాపు రెట్టింపగును. కనుక 20 డిగ్రీలకు సుమారు నాలుగు రెట్లు. కుక్కరు చేయు పొదుపు రహస్యమిదియే.

అయితే ఈలలు లెక్కించు అలవాటును గూర్చి ఒక మాట. ఈల వంటకు కొలత కాదు. పీడనము హద్దు దాటబోవుచున్నదని, మిగులు ఆవిరిని బయటకు వదలుచున్నదని తెలుపు గుర్తు మాత్రమే. మొదటి ఈలతో కుక్కరులోని ఉష్ణోగ్రత చేరవలసిన చోటికి చేరినది. తరువాత మంట తగ్గించినచో పీడనము అట్లే నిలుచును, పప్పు లోపల ఉడుకుచునే ఉండును. మంట తగ్గించక వినెడి ప్రతి ఈలయు గ్రాముకు 540 కెలోరీల చొప్పున వృథా అగు ఆవిరియే. ఈలలను గాక నిమిషములను లెక్కించుట నేర్చుకొనవలెను. పొయ్యి ఆర్పిన పిదపకూడ కొంతసేపు లోపలి వేడికే వంట సాగును. పీడనము తానుగా దిగువరకు మూత తీయరాదు.

గ్యాసు బదులు విద్యుత్తుతో పనిచేయు ఇండక్షన్ పొయ్యి వాడువారికిని ఈ సూత్రములన్నియు వర్తించును. గుప్తోష్ణము నీటి గుణము. పొయ్యి మారినంత మాత్రమున అది మారదు.

గడ్డిపెట్టెలో వంట

మరిగిన గిన్నె నుండి వేడి పోకుండ చూచినచో పొయ్యి అవసరమే తగ్గును. రెండవ ప్రపంచ యుద్ధకాలమున బ్రిటనులో ఇంధనపు కొరతవలన అనేకులు గడ్డిపెట్టెలను వాడిరి. దీనిని మనమును సులభముగా చేసికొనవచ్చును. ఒక చెక్కపెట్టెలోగాని గంపలోగాని ఎండు వరిగడ్డినో, పాత దుప్పట్లనో దట్టముగా కూరి, నడుమ గిన్నె పట్టునంత గుంట చేయవలెను. నానిన పప్పునో బియ్యమునో పొయ్యిమీద మరిగించి, ఐదు పది నిమిషములు ఉడికించి, మూత తీయకుండ గిన్నెను గుంటలో పెట్టి, పైన మందమైన మెత్తను కప్పవలెను. గడ్డి నడుమ చిక్కుకొన్న గాలి కదలలేదు. కదలని గాలి ఉష్ణమును మిక్కిలి మెల్లగా ప్రసరింపజేయును. గిన్నె గంటల తరబడి వేడిగా ఉండును, వంట తానుగా పూర్తియగును.

ఇందు ఒక జాగ్రత్త తప్పనిసరి. 60 డిగ్రీలకు దిగువన వంటకములో సూక్ష్మజీవులు పెరుగవచ్చును. కనుక అంత చల్లబడకముందే తినవలెను, లేదా మరల బాగుగా మరిగించవలెను. మాంసాహారమునకు ఈ పద్ధతి వాడకుండుట మంచిది. గిన్నె పెట్టునపుడు గడ్డికి నిప్పు తగులకుండ చూడవలెను.

పొగ మాట

ఇంత చిన్న పొదుపునకు ఇంత లెక్క ఏల అని పాఠకులు అడుగవచ్చును. దీనికి సమాధానము కట్టెపొయ్యి వద్ద ఉన్నది.

మూడురాళ్ళ పొయ్యిలో కట్టె ఇచ్చు ఉష్ణములో నూటికి 10 నుండి 15 వంతులు మాత్రమే గిన్నెకు చేరును. అప్పుడే కొట్టిన పచ్చికట్టె బరువులో సగము వరకు నీరు ఉండవచ్చును. మంట మొదట ఆ నీటిని ఆవిరి చేయవలెను. మరల అదే 540 కెలోరీల పన్ను. మంట చల్లబడి కట్టె సరిగా మండదు. మండని ఆ ఇంధనమే పొగ. అందులో కార్బన్ మోనాక్సైడు, ఊపిరితిత్తుల లోతునకు చొరగల సన్నని కణములు ఉండును. వంటింటి పొగ మొదలగు ఇంటిలోని వాయుకాలుష్యమువలన 2020లో ప్రపంచమున సుమారు 32 లక్షల మంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పొయ్యి ముందు ఎక్కువకాలము కూర్చుండువారు స్త్రీలు, వారి ఒడిలోని బిడ్డలు.

ఈ బాధను తొలగించుటకు హైదరాబాదులో చాలకాలము క్రిందటనే యత్నము జరిగినది. అక్కడి ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన ఎస్. పి. రాజుగారు పొగగొట్టము గల మట్టిపొయ్యిని రూపొందించి, పొగలేని వంటిండ్లను గూర్చి 1953లో ఒక పుస్తకమును వెలువరించిరి. తరువాత 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకము, 2016లో దేశమంతట ఉజ్జ్వల పథకము పేదయిండ్లకు గ్యాసు కనెక్షనులను తెచ్చినవి. అయినను కనెక్షను ఉన్నంత మాత్రమున పొగ పోదు. సిలిండరు అయిపోయి, మరియొక దానికి డబ్బు చాలని దినమున కట్టెపొయ్యి మరల వెలుగును. అట్టి ఇంట సిలిండరు మరి కొన్ని దినములు ఎక్కువ వచ్చుట అనగా, తల్లి కన్నులకు, బిడ్డ ఊపిరికి ఆ కొన్ని దినములు పొగ తగులకుండుట. మూత వేయుట పిసినారితనపు పని కాదనుటకు ఇంతకంటె కారణము వలదు.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఒకే తీరు గిన్నెలు రెండు తీసికొని, ఒక్కొక్కదానిలో ఒక లీటరు నీరు పోసి మరిగించుడు. ఒకే కొలతకు కోసిన బంగాళాదుంప ముక్కలను ఒక్కొక్క గిన్నెలో పది చొప్పున వేయుడు. గిన్నెలను తూచి బరువు వ్రాసికొనుడు. మొదటి గిన్నెను మూత లేకుండ పెద్దమంటమీదను, రెండవదానిని మూతతో సన్నగా మరుగు మంటమీదను పదిహేను నిమిషములు ఉంచుడు. పిదప ముక్కలను సూదితో గుచ్చి చూడుడు. రెండింటిలోను అవి ఒకే తీరున ఉడికియుండును. ఇప్పుడు గిన్నెలను మరల తూచుడు. తగ్గిన బరువును గ్రాములలో వ్రాసి 540తో హెచ్చవేసిన, ఆవిరితో పోయిన ఉష్ణము కెలోరీలలో వచ్చును.

ఉదాహరణకు మొదటి గిన్నె 200 గ్రాములు తగ్గినదనుకొందము. పోయినది 108 కిలో కెలోరీలు. ఆ ఉష్ణముతో 30 డిగ్రీల నీటిని లీటరున్నర మరిగించవచ్చును. వేడిగిన్నెలను తూచుట, మంటవద్ద పనిచేయుట ఉపాధ్యాయుని సమక్షముననే జరుగవలెను.

విద్యార్థులు ఇంటివద్ద చేయదగిన పని మరియొకటి ఉన్నది. క్రొత్త సిలిండరు తగిలించిన తేదీని గోడమీది క్యాలెండరులో గుర్తించుడు. అది అయిపోయిన తేదీని కూడ వ్రాయుడు. తరువాతి సిలిండరు వచ్చినది మొదలు మూత పెట్టుట, మరుగగానే మంట తగ్గించుట, పప్పు నానబోయుట, మంట గిన్నె అడుగు దాటి ప్రక్కలకు లేవకుండ చూచుట, మంట పసుపురంగు తిరిగినచో బర్నరు శుభ్రము చేయుట అను ఐదు నియమములను ఇంటిల్లిపాది పాటించుడు. వంట అమ్మ పని మాత్రమే కాదు గనుక ఈ నియమములు నాన్నకును, అన్నకును చెందును. రెండు సిలిండరులు ఎన్నెన్ని దినములు వచ్చినవో పోల్చి చూడుడు. క్యాలెండరులో కనబడిన ఆ తేడాను తరగతికి తెచ్చి, గుప్తోష్ణము పాఠము చెప్పు దినమున నల్లబల్లమీద వ్రాయుడు.